సన్యాసిరావు కారుకు కొత్త ఏసీ

నర్సీపట్నంలో సన్యాసిరావు అనే పాత ట్యాక్సీల యజమాని ఉండేవాడు. అతని చేతిపనికి వంక పెట్టేవాడు లేడు గాని, తప్పు తనదన్న మాట మాత్రం అతని నోట ఎన్నడూ వచ్చేది కాదు.

చదువు అంతంత మాత్రమే. బస్సు మీది ఊరి పేరు కూడబలుక్కునేలోపు బస్సు కదిలిపోయేది. అయినా బానెట్టు ఎత్తకుండా, శబ్దం విని ఇంజను రోగం చెప్పేవాడు. అతని షెడ్డులో స్పానర్లు వరసగా పడుకోవలసిందే. ఒకటి వంకరగా కనిపిస్తే అన్నం ముందు నుంచి లేచి వచ్చి సరిచేసేవాడు. కోపాలను కూడా అలాగే వరసగా దాచుకునేవాడు. ఎవరి మీద ఏ కోపం ఎందుకు పెట్టుకున్నాడో మరిచిపోయేవాడు కాదు.

వాటిలో పెద్ద కోపం తమ్ముడు పైడిరాజు మీద. ఒకప్పుడు అన్నదమ్ములిద్దరూ ఒకే షెడ్డులో పని చేసేవారు. పైడిరాజు కారు ఏసీల పని నేర్చుకుని, అన్నతో ఒక్క మాట చెప్పకుండా ట్యాక్సీ స్టాండుకు ఎదురుగా సొంత కొట్టు పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి సన్యాసిరావు తమ్ముడితో మాట్లాడలేదు. దారిలో ఎదురైతే తువ్వాలు దులుపుకుంటూ అటు తిరిగేవాడు.

వాళ్ళిద్దరికీ నూకరత్నం అనే అక్క ఉంది. చిన్నప్పుడే తల్లి పోతే ఇద్దరినీ ఆవిడే పెంచింది. అదే ఊళ్ళో కూతురి దగ్గర ఉంటోంది. ఈమధ్య ఆవిడకు గుండె జబ్బు పట్టుకుంది. ఎండ తగిలితే చాలు, ఆయాసం.

"ఒక్కసారి అన్నవరం వెళ్ళి స్వామిని చూడాలిరా," అంది ఆవిడ సన్యాసిరావుతో. "నువ్వు బండి నడపాలి. పైడి నా పక్కన కూర్చోవాలి. ఇంకేమీ అడగను."

అక్క మాట కాదనలేకపోయాడు. కానీ ఎండలు ముదిరిపోయాయి. ఆయాసం మనిషి బస్సులో వెళ్ళలేదు. సన్యాసిరావు దగ్గర పాలమీగడ రంగు అంబాసిడర్ ఒకటి ఉంది. ట్యాక్సీలన్నీ అమ్మేసినా దాన్ని మాత్రం వదులుకోలేదు. దానికి ఏసీ ఉంది గాని అది ఏనాటిదో. వేస్తే ఇంజను బలమంతా తినేసి, ఆవలించినట్టు కాస్త గాలి వదిలి ఊరుకునేది. అందులో పోసే పాత గ్యాసు ఇప్పుడు దొరకదు. కొత్త గ్యాసు పోయాలంటే కంప్రెసరు నుంచి గొట్టాల దాకా అన్నీ మార్చాలి.

"ఎవడికీ ఇవ్వను. ఇంట్లోనే నా చేతులతో బిగిస్తాను," అన్నాడు సన్యాసిరావు.

"నీ చేతులకు నీ తమ్ముడి చేతులు తోడైతే కొంప మునుగుతుందా?" అంది భార్య వరాలమ్మ.

"పొయ్యి మీద పోపు మాడుతోంది. అది చూసుకో ముందు."

ఈ సంగతి ఎవరు చేరవేశారో గాని, మర్నాడు పైడిరాజు భార్య దేవుడమ్మ ఆటోలో ఒక కొత్త కంప్రెసరు తెచ్చి అరుగు మీద దింపించింది.

"నూకరత్నం వదిన ప్రయాణానికి మావారు ఇమ్మన్నారు బావగారూ. మీ పనిలో వేలు పెట్టరట. సామాను మాత్రం కాదనొద్దన్నారు," అంది.

సన్యాసిరావు దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు. దాని చక్రాన్ని చేత్తో తిప్పి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. వంక దొరకలేదు.

"అక్క కోసం వేస్తున్నానని చెప్పమ్మా. వాడి కోసం కాదు."

పని మొదలైంది. ఏసీ పనిలో ఒక పద్ధతి ఉంది. గొట్టాల మూతులు తెరిచి ఉంచకూడదు. దుమ్ము పోతే సామానంతా పాడవుతుంది. అందుకని మూతిలో గుడ్డ కుక్కి, దాని కొసను బయటికి వదులుతారు. బిగించేముందు మరిచిపోకుండా లాగేయడానికి ఆ కొసే గుర్తు. ఆ పద్ధతి సన్యాసిరావుకు తెలియక కాదు. వేలాడే పీలికలు చూస్తే అతనికి ఒళ్ళు మండేది. 'ఇది పనా, బట్టలారేసిన దండెమా?' అనుకునేవాడు. పాత గళ్ళ లుంగీ చింపి, ఆ ముక్కలను వేలితో లోపలికంటా నొక్కేశాడు. పైకి చూడ్డానికి పని ముచ్చటగా ఉంది.

గుర్తున్న ముక్కలు లాగేసి అన్నీ బిగించాడు. గొట్టాల్లో గాలి లాగే పంపు పెట్టి ఖాళీ చేశాడు. గ్యాసు పోశాడు. ఇంజను వేసి, తలుపులు మూసుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

పొయ్యి ముందు విసనకర్రతో విసిరినట్టు వేడిగాలి వచ్చింది. కాసేపటికి కంప్రెసరు కీచుమని మూలిగింది.

దిగి అంతా వెతికాడు. గ్యాసు సరిపోయింది. బెల్టు బిగువుగా ఉంది. ఫ్యాను తిరుగుతోంది. చూడవలసినవన్నీ చూశాడు గాని, తాను చేసిన పనిని మాత్రం చూడలేదు. 'నా పనిలో లోపం ఉండదు. ఉంటే వాడి సామానులోనే ఉండాలి,' అనుకున్నాడు. అలా అనుకోగానే అతనికి ప్రాణం హాయిగా అనిపించింది. ఇన్నేళ్ళుగా మోస్తున్న కోపానికి ఇప్పుడు గట్టి కారణం దొరికింది.

కంప్రెసరు విప్పాడు. ఆటోలో వేసుకుని నేరుగా స్టాండుకు వెళ్ళాడు. డ్రైవర్లంతా టీ తాగుతున్నారు. వాళ్ళు చూస్తుండగా దాన్ని పైడిరాజు కొట్టు మెట్ల మీద దబ్బున పడేశాడు.

"చూడండర్రా, సొంత అక్క ప్రయాణానికి వీడిచ్చిన సరుకు. పనికిరాని దానికి రంగు పూసి నాకు అంటగట్టాడు. అన్నకే ఇలా చేసినవాడు మీ బండ్లలో ఏం పెడుతున్నాడో ఆలోచించుకోండి," అన్నాడు.

పైడిరాజు చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "అది కొత్తది అన్నయ్యా. పెట్టె నేనే విప్పాను. ఒక్కసారి బండి చూడనీ."

"నా బండి మీద నీ చెయ్యి పడితే నేను బండి కడుక్కోవాలి."

జోగులు అనే డ్రైవరు టీ గ్లాసు కింద పెట్టాడు. "ఏటి పైడీ, ఇంటోళ్ళకే ఇలాగైతే మా సంగతేటి?" అన్నాడు. నలుగురూ నవ్వారు. పైడిరాజు వంగి కంప్రెసరును ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

సన్యాసిరావు విశాఖపట్నం వెళ్ళి మరో కంప్రెసరు కొని తెచ్చాడు. దాన్ని బిగించబోతూ, మూతి శుభ్రంగా ఉందో లేదోనని గొట్టంలోకి వేలు పెట్టాడు. వేలికి మెత్తగా ఏదో తగిలింది. వంచిన తీగతో పట్టి లాగాడు. నూనెలో నానిన గళ్ళగుడ్డ ముక్క బయటికి వచ్చింది.

దాన్ని అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. చెవుల నుంచి మెడ దాకా వేడెక్కింది. చుట్టూ చూశాడు. షెడ్డులో ఎవరూ లేరు. పెరట్లో నీళ్ళ పొయ్యి మండుతోంది. గబగబా వెళ్ళి గుడ్డను అందులోకి తోసేశాడు. నూనె గుడ్డ భగ్గుమంది. అది బూడిదయ్యేదాకా కదల్లేదు.

ఈసారి బండి చల్లబడింది. ఎండలో నిలబెట్టినా లోపల వెన్నెల కాసినట్టుంది. వరాలమ్మ వెనక సీట్లో కూర్చుని చూసింది.

"అయితే పైడి ఇచ్చింది నిజంగానే చెత్తా? వాడలాంటివాడు కాదనుకున్నానే," అంది దిగులుగా.

సన్యాసిరావు అద్దం తుడుస్తున్నట్టు అటు తిరిగాడు.

పెట్రోలు పోయించుకుని వస్తుంటే స్టాండు దగ్గర జోగులు చెయ్యెత్తి ఆపాడు. కిటికీలోంచి చెయ్యి లోపల పెట్టి చూశాడు. "అబ్బో, మంచులా ఉంది. మీ తమ్ముడి సరుకు తీసి పారేసి వేరేది వెయ్యగానే ఇలాగయిందా మావా?"

నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం లేదు. డ్రైవర్లంతా వింటున్నారు. సన్యాసిరావు గొంతు సవరించుకున్నాడు.

"ఊఁ," అన్నాడు.

ఆ ఊఁ పైడిరాజు కొట్టుకు తాళం వేసినంత పని చేసింది. స్టాండులో బండ్లన్నీ ఏసీ పనికి అనకాపల్లి పోవడం మొదలుపెట్టాయి. పైడిరాజు కొట్టు ముందు కుర్చీ వేసుకుని ఖాళీగా కూర్చునేవాడు. సన్యాసిరావు ఆ వీధి మానేసి చుట్టుదారిన తిరగసాగాడు. అన్నం సయించడం లేదు. ఎవరైనా "కారు చల్లగా ఉందటగా," అంటే, బూతుమాట విన్నట్టు మొహం ముడుచుకునేవాడు.

చివరికి ఒక మధ్యాహ్నం, దేవుడమ్మ రేషను కొట్టుకు వెళ్ళిన వేళ చూసి, పెరటి గుమ్మంలోంచి తమ్ముడి ఇంటికి వెళ్ళాడు. పైడిరాజు భోంచేసి చెయ్యి కడుక్కుంటున్నాడు. అన్నను చూసి చెంబు అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

సన్యాసిరావు గోడ వైపు చూస్తూ మాట్లాడాడు. "ఒరే పైడీ, నీ సరుకు మంచిదే. గొట్టంలో గుడ్డ ఉండిపోయింది. నా గుడ్డే."

పైడిరాజు చెంబు కింద పెట్టాడు. తర్వాత పెద్దగా ఊపిరి వదిలాడు. "నేనే మోసపోయి పనికిరాని సరుకు కొన్నానేమోనని ఇన్నాళ్ళూ కుమిలిపోతున్నాను అన్నయ్యా. ఎంత మంచి మాట చెప్పావు. స్టాండులో వాళ్ళకూ చెప్పేశావా?"

"నీకు చెప్పాను కదరా. ఇంకా నలుగురిలో ఎందుకు? ఇది మన ఇంటి మాట."

"నన్ను అన్నరోజున ఇది మన ఇంటి మాట కాలేదు కదా."

సన్యాసిరావుకు చురుక్కుమంది. "ఇంత పెద్దవాణ్ణి, నీ గుమ్మంలోకి వచ్చి చెప్పుకున్నాను. అది చాలదా నీకు?" అంటూ వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. దారిలో తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. చెప్పవలసింది చెప్పేశాను, నా బరువు దిగిపోయింది అనుకున్నాడు. కానీ దిగలేదు.

అన్నవరం వెళ్ళే రోజు వచ్చింది. నూకరత్నం వెనక సీట్లో కూర్చుంది. ఏసీ చల్లగా వీస్తోంది. ఆవిడ పక్కన చోటు ఖాళీగా ఉంది.

"పైడి ఏడిరా?"

"వాడికేదో పని ఉన్నట్టుందక్కా."

"స్టాండు మీదుగా పోనీ," అంది ఆవిడ. తప్పలేదు. కొట్టు ముందు బండి ఆగింది. పైడిరాజు మెట్లు దిగి వచ్చాడు. డ్రైవర్లు తలలు తిప్పి చూశారు. నూకరత్నం అద్దం దింపించింది.

"ఊళ్ళో అనుకుంటుంటే నేను నమ్మలేదురా పైడీ. నా ఆయాసం నీకు బేరంలా కనిపించిందా? గంజి వార్చి పోసి పెంచానే, నాకేనా నువ్వు చెత్త సామాను ఇచ్చింది?" అంటూనే ఆవిడ ఆయాసపడింది.

పైడిరాజు ఒక్కసారి అన్న వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పేసుకున్నాడు.

"తప్పయిపోయిందక్కా. నువ్వు ఆయాసపడకు. వెళ్ళి రండి," అన్నాడు.

చల్లగాలి మొహానికి కొడుతున్నా సన్యాసిరావుకు ముచ్చెమటలు పోశాయి. ఆ వీధిలో నిజం తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకడు చెయ్యని తప్పు నెత్తిన వేసుకున్నాడు. రెండోవాడు చేసిన తప్పు దాచుకుని స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. ఇంత వయసు వచ్చి, తమ్ముడి మొహం చూడడానికి తనకు ధైర్యం చాలలేదని సన్యాసిరావుకు తెలిసింది. ఇంజను ఆపేశాడు. తలుపు తీసుకుని దిగాడు.

"జోగులూ, మీరంతా ఇలా రండి," అన్నాడు. అతని గొంతు అతనికే కొత్తగా వినిపించింది. "పైడి ఇచ్చిన సామాను బంగారంలాంటిది. గొట్టంలో నేను కుక్కిన గుడ్డ నేనే మరిచిపోయాను. అది చూసి కూడా కాల్చేసి ఊరుకున్నాను. వీడి మీద వేసినదంతా అబద్ధం."

జోగులు బండి దగ్గరికి వచ్చాడు.

"మరి ఆ రోజు నేనడిగితే ఊఁ అన్నావు కదా?" అన్నాడు జోగులు.

"అన్నాను. అదీ అబద్ధమే."

"గుడ్డ మింగిన బండికి గాలెలా ఆడుద్ది మావా," అని వెనక నుంచి ఎవరో అన్నారు. అంతా పగలబడి నవ్వారు. సన్యాసిరావు తల ఎత్తలేదు, అటు తిరిగి పోనూ లేదు. నవ్వు ఆగేదాకా ఎండలో నిలబడ్డాడు.

"నిజం తెలిసి నువ్వెందుకు తప్పయిపోయిందన్నావురా?" అని నూకరత్నం చిన్న తమ్ముణ్ణి అడిగింది.

"నలుగురిలో అన్నయ్య తల దించుకుంటే చూడలేనక్కా."

"నీ తల దించినప్పుడు వాడు చూస్తూనే ఉన్నాడు కదరా." ఆవిడ సన్యాసిరావు వైపు తిరిగింది. "చల్లగాలి ఎవరడిగార్రా నిన్ను? నేనడిగింది మీ ఇద్దరినీ."

సన్యాసిరావు వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కరా," అన్నాడు మెల్లగా. పైడిరాజు కొట్టు మూసి వచ్చి ఎక్కాడు. ముగ్గురూ అన్నవరం బయల్దేరారు.

తర్వాత కొందరు డ్రైవర్లు పైడిరాజు కొట్టుకు తిరిగి వచ్చారు. అనకాపల్లికి అలవాటుపడినవాళ్ళు కొందరు రానే లేదు. అలాంటివాళ్ళు ఎక్కడ కనిపించినా సన్యాసిరావు బండి ఆపి, దిగి, జరిగింది మొదటి నుంచి చెప్పేవాడు. కొందరు వినేవారు, కొందరు నవ్వి పోయేవారు. ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట అతని నోటికి అలవాటు కాలేదు. ప్రతిసారీ చెవులు కాలేవి. అయినా చెప్పడం మానలేదు.

నీతి: నలుగురిలో వేసిన నిందను నలుగురిలోనే తీయాలి, చాటుగా చెప్పే క్షమాపణ తప్పు చేసినవాడి మొహాన్ని కాపాడుతుంది గాని, మాట పడ్డవాడి పరువును తిరిగి ఇవ్వదు.