ఇమ్మానుయేలు గారు తొయ్యని బంటు

"ఒక మనిషి ఆటను అచ్చంగా పట్టుకున్నామని ఎలా తెలుస్తుంది మాస్టారూ?" అని ప్రసూన అడిగింది.

కాకినాడలో చదరంగం నేర్పే వేదాద్రి మాస్టారికి ప్రశ్నకు జవాబు చెప్పే అలవాటు తక్కువ. అడిగినవాళ్ళను ఎవరి దగ్గరికో, ఏ పనిమీదో పంపేవారు. ప్రసూన ఆయన దగ్గరే ఆట నేర్చుకుని, ఇప్పుడు కంప్యూటర్ చేత ఆడించే పనిలో పడింది. ఆట మొదట్లో ఏ స్థితికి ఏ ఎత్తు వెయ్యాలో కంప్యూటర్‌కు చెప్పేదాన్ని ఓపెనింగ్ బుక్ అంటారు. అందరిలా మంచి ఎత్తులన్నీ పోగెయ్యకుండా, ఆమె ఒక్క ఇమ్మానుయేలు గారి ఎత్తులతోనే ఆ పుస్తకం కట్టింది. ఆయన డ్రాయింగు మాస్టారుగా రిటైరైన మనిషి. ఒకప్పుడు జిల్లాలో ఎదురులేని ఆటగాడు. ఈమధ్య పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఆయన పోయినా ఆయన ఆట మిగలాలని ప్రసూన తాపత్రయం. పాత పోటీల కాగితాలు వెతికి, ఒక్కో ఆటా ఎక్కించి, ఆయన తరచుగా వేసిన ఎత్తుకు ఎక్కువ బరువిచ్చి, ఏడాదిగా అదే లోకంగా బతికింది. వచ్చే ఆదివారం క్లబ్బులో ఆయన ఆడుతుంటే, పావు ముట్టకముందే ఆ ఎత్తు తెరమీద చూపిస్తానని అందరికీ చెప్పేసింది కూడా.

మాస్టారు, "ముందు ఆయన్నే దాంతో ఓ ఆట ఆడమను" అన్నారు.

మర్నాడు ప్రసూన లాప్‌టాప్ పట్టుకుని ఇమ్మానుయేలు గారింటికి వెళ్ళింది. తెల్లపావులు కంప్యూటర్‌కు, నల్లవి ఆయనకు. మంత్రి ముందరి బంటు కదలడం, ఆ వెనకే శకటు బయటికి రావడం, అన్నీ తన ఎత్తులే. ఆయన మురిసిపోయారు. "ఓరి వీడి దుంప తెగ, అచ్చు నేనే!" అన్నారు. ప్రసూనకు కళ్ళు చెమర్చాయి.

తర్వాత ఆయన నవ్వడం మానేశారు. తెరమీదికి వంగి చాలాసేపు చూశారు.

"ఇక్కడ ఆ అంచు బంటును రెండు గళ్ళు తోస్తే నాకు ఊపిరాడదు. వీడు తొయ్యడేమమ్మా?"

"మీరెప్పుడూ తొయ్యలేదండీ. నాకు దొరికిన ఏ ఆటలోనూ లేదు."

"ఒక్కసారి తోశాను. కాలేజీ రోజుల్లో. హాలునిండా జనం ముందు చిత్తుగా ఓడిపోయాను. మళ్ళీ దాని జోలికి పోలేదు." ఆయన పడిపోయిన చేతిని ఎడంచేత్తో ఒళ్ళోకి సర్దుకున్నారు. "భయంకొద్దీ మానేశానమ్మా. జనం దాన్ని నిబ్బరమన్నారు. అందరూ అంటుంటే కాబోలనుకున్నాను."

ప్రసూన ఆట సగంలో వదిలేసి, టీ తాగి వచ్చేసింది.

ఆదివారం క్లబ్బు కిటకిటలాడింది. ఇమ్మానుయేలు గారికి ఎదురుగా బ్యాంకులో పనిచేసే ఒకాయన కూర్చున్నాడు. మొదటి ఎత్తులు తెర చెప్పినట్టే పడ్డాయి. జనం చప్పట్లు కొట్టారు. రాజును మూలకు చేర్చి కోట కట్టుకోవలసిన వేళ వచ్చింది. తెర ఆ ఎత్తే చూపించింది. ఇమ్మానుయేలు గారు ఎడంచేత్తో అంచు బంటును రెండు గళ్ళు తోశారు. తెర మరో ఎత్తు చూపించింది, అదీ తప్పింది. ఆపైన తెర చెప్పింది ఒక్కటీ జరగలేదు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రసూన లేచి వెళ్ళి తెర ఆపేసింది.

ఆట ఇమ్మానుయేలు గారు ఓడిపోయారు. ఓడి, ఎదుటాయన్ని కుర్చీలోంచి లేవనివ్వకుండా "మళ్ళీ పెట్టవయ్యా, మళ్ళీ పెట్టు" అంటున్నారు. ముఖం వెలిగిపోతోంది.

ప్రసూన మాస్టారి పక్కకు వచ్చి నిలబడింది. అవమానంతో చెవులు ఎర్రబడ్డాయి. "అది ఆయన ఆట కాదు మాస్టారూ" అంది. "ముప్ఫై నలభై ఏళ్ళ ఆటలు చూశాను. ఆయన ఆట అది కాదు."

మాస్టారు బల్లవైపే చూస్తూ అన్నారు:

"కాదని ఆయనతో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"