దేవుడి ముంత

అనగనగనగా, చెరువు లేని, కాలువ రాని ఒక మెట్ట ఊళ్ళో సువార్తమ్మ అని ఒక ఇల్లాలు ఉండేది. దుప్పటి కప్పుకున్నావా తల్లీ? అయితే విను. ఇది నవ్వుకునే కథ కాదు, ముందే చెబుతున్నా.

ఆ ఊళ్ళో ఓ చిన్న చర్చి ఉంది. ఆ చర్చి ఆడవాళ్ళకు ఒక అలవాటు ఉంది. పూటపూటకీ ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి, దేవుడి పేరున ఒక ముంతలో వేస్తారు. ఆదివారం ఆ ముంత పట్టుకెళ్ళి చర్చిలో ప్రార్థన బల్ల ముందు పెడతారు. ఆ గింజలన్నీ కలిపి పాస్టరు అయ్యగారి ఇంటికి వెళ్ళేవి. ఆ బీద ఊళ్ళో ఆయన పొయ్యి వెలిగేది వాటితోనే.

సువార్తమ్మకు ఆ ముంతంటే ప్రాణం. అందరూ ఒక పిడికెడు వేస్తే ఆమె రెండు వేసేది. "సువార్తమ్మ ముంత చూడండమ్మా" అని అయ్యగారు అందరిలో అనేవారు. అప్పుడు ఆమె ముసుగు సర్దుకుని తల దించుకునేది. లోపల మాత్రం పొంగిపోయేది. భయమూ ఉండేదిలే. "దేవుడి గింజ ముట్టుకుంటే ఇల్లు నిలవదే" అని వాళ్ళమ్మ చిన్నప్పుడు చెప్పిన మాట ఆమె చెవిలో అలాగే ఉండిపోయింది.

ఆమె గోడకు ఆనుకునే దీనమ్మ ఇల్లు. దీనమ్మకు ముందూ వెనకా ఎవరూ లేరు. చేలల్లో కలుపు తీసి పొట్టపోసుకునేది. సువార్తమ్మ ఆమెను అత్తా అని పిలిచేది. వరసకు అత్త కాదు. కాపురానికి వచ్చిన కొత్తలో సువార్తమ్మ పుట్టింటి మీద బెంగతో ఏడుస్తుంటే, తల నిమిరి ఊరుకోబెట్టింది ఈ దీనమ్మే.

ఆ తర్వాత వానలు మొహం చాటేశాయి. చేలు బీటలు వారాయి. పైరే లేకపోతే కలుపెక్కడిది, కలుపే లేకపోతే కూలెక్కడిది? సువార్తమ్మ పెనిమిటి పట్నంలో మిల్లులో బస్తాలు మోసేవాడు గనక ఆ ఇంట్లో పొయ్యి ఆరలేదు. అరకొరగానే వండుకున్నారు. అయినా దేవుడి పిడికెళ్ళు మాత్రం మానలేదు.

ఒకనాడు దీనమ్మ గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "అమ్మాయ్, రెండు గింజలుంటే పెట్టవే, గంజి కాచుకుంటా" అంది. అప్పుడు సువార్తమ్మ తన కుండలోని గంజి వంచి ఇచ్చింది. అంతవరకూ బాగానే ఉంది.

ఆ తర్వాత ఇంకోనాడు వచ్చింది. ఆ పూట సువార్తమ్మ ఇంట్లోనూ బియ్యం నిండుకున్నాయి, పెనిమిటి ఇంకా రాలేదు. దీనమ్మ చూపు ముంత మీద పడింది.

"అందులో ఉన్నాయి కదే అమ్మాయ్."

"అవి దేవుడివి అత్తా. నేనూ పస్తే, చూడు, పొయ్యి వెలిగించలేదు. అయినా వాటిని ముట్టుకోలేదు. పాపం తగలదూ?"

దీనమ్మ నాలిక కరుచుకుంది. "నిజమేనే తల్లీ, ఆకలిలో నోరు జారాను" అని వెళ్ళిపోయింది.

సువార్తమ్మ చెడ్డది కాదు తల్లీ. చెడ్డదయితే నాలుగు తిట్లు తిట్టి ఈ కథ ఇక్కడే ముగించేదాన్ని.

ఆ తర్వాత పెనిమిటి కాసిని బియ్యం తెచ్చాడు. మొదట దేవుడికి, ఆ తర్వాత మొగుడికి, మిగిలితే తనకు. పక్కింటి దాకా ఆమె ఆలోచన వెళ్ళనే లేదు.

మూడోసారి దీనమ్మ గిన్నె తేలేదు. గోడ పట్టుకుని నిలబడి, "కాసిని మంచినీళ్ళు ఇవ్వవే" అంది, అంతే. బియ్యం అడగనందుకు సువార్తమ్మకు మనసు తేలికపడింది. చెంబు నిండా నీళ్ళిచ్చింది. ఇక్కడ నేనూ ఓ గుక్క నీళ్ళు తాగుతానే తల్లీ. ఉండు.

ఆదివారం వచ్చింది. అందరి ముంతల్లోనూ గింజలు అడుగున ఉన్నాయి. కొందరు వట్టి చేతులతోనే వచ్చారు. సువార్తమ్మ ముంత ఒక్కటే నిండుగా ఉంది. ఆమె దాన్ని బల్ల ముందు పెట్టి మోకరించింది. "ప్రభువా, పస్తులున్నా నీది ముట్టలేదు, చూశావా" అని మనసులో చెప్పుకుంది.

అప్పుడు అయ్యగారు లేచారు. ఆయనా చిక్కి సగమయ్యారు.

"అమ్మా, ఈసారి ఈ గింజలు మా ఇంటికి వద్దు. మనలో అందరికన్నా ఆకలిగా ఉన్నవాళ్ళకు వెళ్ళాలి. దీనమ్మ ఇవాళ ప్రార్థనకు రాలేదు, ఎప్పుడూ మానే మనిషి కాదు. సువార్తమ్మా, పక్కిల్లే కదా, నీ ముంత నువ్వే తీసుకెళ్ళి ఇవ్వమ్మా."

సువార్తమ్మ ముంత చంకన పెట్టుకుని ఒకటే పరుగు. చెప్పులు చర్చి గుమ్మం దగ్గరే ఉండిపోయాయి.

దీనమ్మ నులక మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. అప్పుడు సువార్తమ్మ పొయ్యి రాజేసింది, ఎసరు పెట్టింది, ముంత మొత్తం అందులో బోర్లించింది. ఒక్క మనిషికి అన్ని బియ్యమెందుకని ఆలోచించే స్థితిలో లేదు. గంజి చల్లార్చి, అత్త తల ఒళ్ళో పెట్టుకుని, చెంచాతో నోట్లో పోసింది. మొదటిది పెదవి మీంచి జారిపోయింది. రెండోదీ జారిపోయింది. మూడోది ఒక్క గుక్క లోపలికి దిగింది.

దీనమ్మ కళ్ళు తెరిచింది. పొయ్యి పక్కన ఖాళీ ముంత చూసింది.

"అయ్యో అమ్మాయ్, దేవుడివి కదే. నా కోసం ముట్టుకున్నావా? నీకేమన్నా అయితే ఎట్లాగే?"

ఎత్తిపొడుపు కాదు తల్లీ. నిజంగానే భయపడింది. సువార్తమ్మ కోసం భయపడుతూనే ప్రాణం విడిచింది.

"నీవే అత్తా, ఇవి నీవే" అని సువార్తమ్మ చెబుతూనే ఉంది. ఆ మాట వినడానికి దీనమ్మ లేదు.

ఆ తర్వాత కూడా సువార్తమ్మ పిడికెడు తీయడం మానలేదు. కానీ ఏనాడూ ఆదివారం దాకా ఉంచలేదు.

దేవుడికి కోపం వచ్చిందా అంటావేమో. కోపం సంగతి నాకు తెలీదు తల్లీ. ఆయన ఆకలితో ఆ గుమ్మంలోకి వచ్చి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడని మాత్రం తెలుసు.

ఏడవకు, నా బంగారం. కళ్ళు మూసుకో.

కథ కంచికి,
గంజి పక్కింటికి,
కునుకు నీ కంటికి.