నోరీన్ డబ్బాలో టీపొడి

పిల్లలూ, పక్కిల్లు కాలుతోందనుకోండి. నిప్పు మనం పెట్టలేదు. పొగ మన కళ్ళలో పడుతుందా, పడదా? పడుతుంది కదూ! అయితే ఈ చింతపండుకు గింజలు తీస్తూ చెబుతా, వినండి.

అనగనగా, అక్కడెక్కడో పడమటి సముద్రంలో ఐర్లండ్ అనే దీవి. చుట్టూ రాజ్యాలన్నీ కొట్టుకుంటున్నాయి. ఆ దీవి మాత్రం, "నేనెవరి వైపూ కాదు" అంది. అక్కడ సముద్రం ఒడ్డున, వలలు బాగుచేసి బతికే నోరీన్ అనే ఆవిడ ఉండేది. మొగుడు డోనల్ సరుకుల ఓడలో వంటవాడు. ఆ ఓడ పక్కన ఇంటంత తమ దేశం జెండా బొమ్మ వేశారు. ఎందుకో చెప్పండి చూద్దాం? "మేమెవరికీ శత్రువులం కాం, కొట్టకండి" అని.

"తిరిగొచ్చాక నీ చేతి టీ తాగాలే, చిక్కగా!" అని వెళ్ళాడు డోనల్.

టీ ఎక్కడిది? రేషన్‌లో మనిషికి వారానికి చిటికెడు. నోరీన్ వాడేసిన ఆకునే ఎండబెట్టి మళ్ళీ మరిగించుకునేది. కొత్త పొడి మొగుడి కోసం డబ్బాలో దాచేది.

"యుద్ధం మనది కాదంటారు. మరి టీ ఎందుకు లేదే, పెగ్గీ?"

"నన్నడుగుతావేం? నాకుంటేగా!" అనేది పక్కింటి పెగ్గీ.

ఒకరోజు ఏదో యుద్ధపు ఓడ మునిగి, కొట్టుకునేవాళ్ళలో ఒక వైపు సైనికుడొకడు ఒడ్డుకు కొట్టుకొచ్చాడు. గజగజ వణుకుతున్నాడు. నోరీన్ డబ్బా మూత తీసింది. ఇంకోరోజు రెండో వైపు వాడొకడు కొట్టుకొచ్చాడు. మళ్ళీ మూత తీసింది.

"ఒసేయ్, వాళ్ళిద్దరూ చంపుకునేవాళ్ళే! నువ్వెవరి వైపే?" అంది పెగ్గీ.

"ఏమోనే. ఇద్దరి పళ్ళూ ఒకేలా టకటకమన్నాయి."

మూడోసారి గడప మీద తడిసిన మనిషి. డబ్బాలో ఒక్క కప్పుకే ఉంది.

"అది డోనల్‌దే! ముట్టుకోకు!" అంది పెగ్గీ.

నోరీన్ చెయ్యి మూత మీదే ఆగిపోయింది. ఆగి, ఆగి, మూత తీసింది. చిక్కగా కాచి ఇచ్చింది.

తాగాక ఆ మనిషి నోరు తెరిచాడు. "డోనల్ ఓడలో వాణ్ణమ్మా. ఎవరో ముంచేశారు, ఎవరో తెలీదు. చిన్న పడవలో తప్పించుకున్నాం. తన కోటు నాకు తొడిగాడు. చలికి తను పోయాడు. పోయేముందు, 'నోరీన్ దగ్గరికెళ్ళు, నా టీ నువ్వు తాగు' అన్నాడు."

నోరీన్ ఆ కోటు గుండీ తడిమింది. తను కుట్టిందే.

"యుద్ధం మనది కాదంటారు. మరి నా డోనల్ ఎందుకు రాలేదు?"

పెగ్గీ ఖాళీ డబ్బాకు మూత పెట్టింది.

నోరీన్ పోయి ఎన్నేళ్ళయిందో! ఆ ఊళ్ళో ఇప్పటికీ టీ కాస్తే ఒక కప్పు ఎక్కువ పోస్తారు. అది నోరీన్ కప్పు. తడిసిన మనిషి గడపెక్కితే పేరడగరు, ఊరడగరు. "ముందు తాగు, తర్వాత చెప్పు" అంటారు.

ఏంటర్రా, అలా చూస్తారు? ఎవరి వైపూ కాని డోనల్ ఎందుకు రాలేదో నాకూ అర్థం కాలేదు. సగం చింతపండుకు ఇంకా గింజలు తియ్యాలి. నా పని నన్ను చేసుకోనివ్వండి.