భేరి రాజుది, కర్ర సభది

అనగనగా తూర్పుకోన అని ఒక రాజ్యం. దాన్ని ఏలే రాజు జయసేనుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు, ఒక్కగానొక్క కూతురు సువర్ణ.

ఆ రాజ్యంలో ఒక చిత్రమైన కట్టుబాటు ఉండేది, పిల్లలూ. యుద్ధభేరి రాజుగారి కోటలో ఉంటుంది. దాన్ని మోగించే కర్ర మాత్రం పెద్దల సభలో ఉంటుంది. ఊరికొకరు చొప్పున జనం ఎంచి పంపినవాళ్లదే ఆ సభ. శత్రువు కోట గుమ్మం దాకా వస్తే రాజు ఎవరినీ అడగక్కర్లేదు, కొమ్ము ఊది సైన్యాన్ని నిలబెట్టొచ్చు. కానీ పొలిమేర ఏరు దాటి ఇంకొకరి మీదికి పోవాలంటే భేరి మోగాలి. ఆ కర్ర తగిలితేనే అది మోగుతుంది. కర్ర చేతికొచ్చాక సైన్యాన్ని నడిపేది రాజే, అందులో సభ వేలు పెట్టదు. ఎవరు ఆలోచించారో గానీ, ఎంత బాగా ఆలోచించారో.

ఒకనాడు తెల్లారేసరికి సువర్ణ మాయమైంది. ఆమె పక్క మీద ఒక బాణం, దాని మీద ఏటి అవతలి రాజ్యం పడమటికోన రాజుగారి ముద్ర.

పెద్దకొడుకు రోకలి తెచ్చి భేరిని బాదాడు. తడికుండలా డబ్ మంది. రెండోవాడు గదతో బాదాడు. మళ్లీ డబ్.

"సభ మీదికి భటుల్ని పంపి కర్ర లాక్కుందాం నాన్నగారూ," అన్నారిద్దరూ.

రాజు కళ్లు తుడుచుకున్నాడు. "కోపం నాది. చచ్చేది వాళ్ల పిల్లలు. అడగాల్సిందే," అన్నాడు. కూతురు పోయిన మనిషి, చూడండి, ఆ మాటన్నాడు.

చిన్నకొడుకు మణిధరుడు సభకు వెళ్లాడు. సభకు పెద్ద నాంచారవ్వ.

"మీ చెల్లెల్ని ఎత్తుకుపోవడం ఎవరు చూశారు నాయనా?"

"ఎవరూ చూడలేదవ్వా."

"అయితే చూసి రా. కర్ర ఇక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు."

బయలుదేరుతుంటే భేరిలో కాపురముంటున్న ఎలుక దూకి వచ్చింది. "నేనూ వస్తా. ఇది మోగితే నా పిల్లల చెవులు పోతాయి."

ఇద్దరూ పడమటికోన వెళ్లారు. అక్కడి రాకుమారి ఇందుమతి బాణం తిప్పి చూసి నవ్వింది. "మా బాణాలకు కొంగ ఈకలు కడతాం. ఇది చిలక ఈక. ఇంత పొడుగు ఈకల చిలక ఏడు సముద్రాల అవతల పొగల మాంత్రికుడి దగ్గరే ఉంది. మా ముద్ర దొంగిలించినట్టున్నాడు."

ఒక ముసలి తాబేలు మణిధరుణ్ణీ ఎలుకనూ వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. దీవిలో సువర్ణ స్తంభానికి కట్టేసి ఉంది. మాంత్రికుడు నిద్రపోతున్నాడు.

"అన్నయ్యా, వాడి ప్రాణం ఆ పంజరంలోని చిలకలో ఉంది," అంది సువర్ణ. "యుద్ధంలో ఒక్కొక్కరు పోతే దానికొక్కో ఈక మొలుస్తుంది, వాడికో ఏడాది ఆయుష్షు పెరుగుతుంది. అందుకే మన రెండు రాజ్యాలకూ తగువు పెట్టాడు."

ఎలుక ముందు సువర్ణ కట్లు కొరికింది, తర్వాత పంజరం కొరికింది. చిలక మణిధరుడి చేతికొచ్చేసరికి మాంత్రికుడు ఉలిక్కిపడి లేచాడు.

"చిలకనిచ్చెయ్ బాబూ. నా మంత్రదండం నీకిస్తా. దాంతో కొడితే మీ భేరి మోగుతుంది. ఇక ఎవరినీ అడగక్కర్లేదు."

"ముందు కింద పెట్టు, చూస్తా."

వాడు పెట్టాడు. ఎలుక దాన్ని పుల్లలు పుల్లలుగా కొరికేసింది. దండంతో పాటే వాడి మంత్రాలూ పోయాయి.

"అడగక్కర్లేని రాజ్యం నాకెందుకు?" అన్నాడు మణిధరుడు.

చెల్లెలితో, చిలకతో ఇంటికొచ్చాడు. జయసేనుడు కూతుర్ని పట్టుకుని చాలాసేపు ఏడ్చాడు. తర్వాత సభకు నడిచివెళ్లి నాంచారవ్వకు దండం పెట్టాడు.

రెండు కోనల మధ్యా యుద్ధం లేదు. చిలకకు కొత్త ఈక మొలవలేదు, పాతవి రాలిపోయాయి. ఆఖరి ఈక రాలిన రోజున ఏడు సముద్రాల అవతల మాంత్రికుడి పొగ ఆరిపోయింది.

మణిధరుడికీ ఇందుమతికీ పెళ్లయింది. తండ్రి తర్వాత అతనే రాజై, తల పండేదాకా ఏలాడు. అన్నాళ్లలోనూ భేరిలో ఎలుకల కాపురం ఒక్కరోజూ చెదరలేదు. ముని మునిమనవళ్ల దాకా అందులోనే పుట్టి, హాయిగా నిద్రపోయాయి.