దివాను వేటకుక్క వంశం

కోటపేటలో వీధికుక్కలు ఎక్కువయ్యాయని, పొద్దుగూకేలోగా వాటిని వంశంతో సహా చంపేయాలని దివాను దండోరా వేయించాడు. అది విన్నప్పటినుంచీ, కోడెలకు విత్తులు కొట్టి ఎద్దులుగా మార్చే ఓబులేసుకు కాలు ఒకచోట నిలవలేదు. వీధులన్నీ గాలించి, గంపెడు కుక్కపిల్లలతో దివాను ముందు వాలాడు.

"దొరా, వీటన్నిటికీ తమరి వేటకుక్కలాగే ఒక చెవి తెలుపు, ఒక చెవి నలుపు. వంశంతో సహా అన్నారు కదా, ముందు తండ్రిని పట్టుకోమంటారా?"

దివాను గతుక్కుమన్నాడు. "వేరే దారి లేదట్రా?"

"లేకేం దొరా! కుక్కకు మానెడు చొప్పున నాకు జొన్నలు కూలిగా ఇప్పిస్తే ఈనకుండా, ఈనించకుండా కోత కోసి మందు వేస్తాను. చంపే పనే ఉండదు."

"సరే, కానివ్వు. ముందు దేనికి?"

ఓబులేసు గంపలోని కుక్కపిల్లల చెవులు నిమిరాడు. దివాను నిట్టూర్చి, తన వేటకుక్కను తానే నడిపించుకొచ్చాడు.