నగారా పిలిచిన పేరు

ఘానా అడవుల నడుమ ఒక పల్లెలో అసారె అనే నగారా గురువు ఉండేవాడు. ఆ ఊళ్లో నగారా అంటే ఉత్త చప్పుడు కాదు. మాటలోని ఎత్తుపల్లాలన్నీ అది పలుకుతుంది, విన్నవాళ్లకు మాట మాటగా తెలుస్తుంది. ఏ పండగైనా ఆయన ముందు నగారాకు కర్రనిచ్చిన చెట్టును పలకరించేవాడు. తర్వాత తోలునిచ్చిన జంతువును, ఆపైన కాలం చేసిన వాద్యగాళ్లను పేరుపేరునా పిలిచేవాడు. అదంతా అయ్యాకే రాజుగారి బిరుదులు.

శిష్యుడు బదు చెయ్యి తిరిగినవాడే, ఓపికే కాస్త తక్కువ. "గురువుగారూ, నరికేసిన చెట్టూ చచ్చిపోయిన మనుషులూ మన పలకరింపు వింటారా? వినేది ఎదురుగా ఉన్న జనం కదా!" అని ఒకనాడు అడిగేశాడు.

"రేపు పండగకి నువ్వే వాయించు. నీకెలా తోస్తే అలా," అన్నాడు అసారె.

మర్నాడు పొగమంచు చెట్ల మొదళ్లను వదలనేలేదు. జనం కలలోంచి నడిచొచ్చినట్టు ఆ తెల్లదనంలోంచి ఒక్కొక్కరే బయటపడ్డారు. రాజు వచ్చి పెద్ద గొడుగు కింద కూర్చునేసరికి ఎండెక్కింది. బదు పలకరింపులన్నీ దాటేసి నేరుగా బిరుదులు అందుకున్నాడు. ఎంత బాగా వాయించాడని! జనం ఊగిపోయారు, రాజు కూడా తలూపాడు. బదు ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

అందరూ విందుకు లేచారు. ఒక ముసలామె మాత్రం కదల్లేదు. ఆమె సెర్వా, అసారెకు ముందు ఆ నగారాలు వాయించిన ఒవుసు భార్య. చూపు ఆనదు. ఏటి అవతల కూతురింటి నుంచి పడవలో వచ్చింది.

"భోజనానికి రా అవ్వా," అన్నాడు బదు.

"తింటాలే నాయనా, ఇంకా మొదలుపెట్టందే! ఇందాకటిది నువ్వు చెయ్యి సవరించుకోవడమే కదూ? అసలు వాయించేటప్పుడు మా ఆయన్ని పిలుస్తారు. ఏడాదికోసారి ఆ పేరు వినడానికే వస్తాను. వచ్చే ఏడు పడవెక్కే ఓపిక ఉంటుందో లేదో."

బదు సిగ్గుతో మొహం ఎత్తలేకపోయాడు. వెళ్లి మళ్లీ కర్రలు అందుకున్నాడు. ఖాళీ అయిన మైదానంలో చెట్టును పలకరించాడు, తోలును పలకరించాడు, పోయినవాళ్లను ఒక్కొక్కరినే పిలిచాడు. నగారా ఒవుసు పేరు పలకగానే ముసలామె భుజం మీది గుడ్డ సర్దుకుని, "ఆఁ, ఇక్కడే ఉన్నా," అంది.

అసారె ఎప్పుడొచ్చాడో, శిష్యుడి వెనక నిలబడి ఉన్నాడు.

"నా పేరు ఆ వరసలో చేరాక కూడా పండగనాడు ఇలాగే ఎండెక్కుతుంది, బదూ. ఆ పేరు వినడానికీ ఎవరో ఒకరు వచ్చి కూర్చుంటారు," అన్నాడు.