అమ్మ గొంతు దయ్యం పాట

ఊ కొడుతూ వింటారా? ఊ కొట్టకపోతే కథ ఆగిపోతుంది మరి!

అనగనగా ఒక అడవిలో, వెదురు పొదల పక్కన, వెడల్పాటి బండ ఒకటి ఉండేది. పొద్దు వాలి ఎండ చల్లబడగానే అడవిలోని పిల్లలంతా ఆ బండ మీదికి చేరేవాళ్లు. వాళ్లకి పాటలు నేర్పి ఆడించేది ఒక గోరింక. పిల్లలు దాన్ని గోరింకత్తా అని పిలిచేవాళ్లు.

గోరింకత్త గొంతు మామూలు గొంతు కాదు. కప్పలా బెకబెకమనగలదు. నెమలిలా కూయగలదు. ఎవరి గొంతైనా అచ్చంగా దించేయగలదు.

ఒకరోజు గోరింకత్త దయ్యం పాట కట్టింది.

"దయ్యమొచ్చె దయ్యమొచ్చె దాగుడుమూతలకి!
గాలిలోన తేలివచ్చె గంతులేయటానికి!"

పిల్లలు కెవ్వుమన్నారు. వెంటనే పకపకా నవ్వారు. కుందేలు పిల్ల చెవులు వెనక్కి వాల్చి, దయ్యంలా ఊగుతూ నడిచింది. జింక పిల్ల బండ చుట్టూ గెంతింది. అందరికంటే చిన్నది ముళ్లపంది పిల్ల. గుండ్రంగా ఉంటుందని దాన్ని అందరూ బుడంకాయ అనేవాళ్లు. అది కూడా వెనక నిలబడి బుడిబుడి అడుగులు వేసింది.

"అత్తా, ఇంకొంచెం భయంగా!" అని అరిచింది కోతి పిల్ల.

మర్నాడు గోరింకత్త ఇంకో చరణం కలిపింది. అందులో దయ్యం జుట్టు విరబోసుకుని వెదురు పొదల్లో ఏడ్చింది. పిల్లలు ఒకరినొకరు పట్టుకుని మరీ ఆడారు. బుడంకాయ మాత్రం ఆడలేదు. దాని వీపు మీది ముళ్లు కొంచెం నిక్కబొడుచుకున్నాయి.

పక్కనే పుట్ట దగ్గర చీమలు ఏరుకుంటున్న ఎలుగు తాత అది చూశాడు.

"గోరింకా, పాట బాగుందమ్మా. కానీ వెనక వరసలో చిన్నవాళ్లున్నారు. కాస్త చూసుకో," అన్నాడు.

"అయ్యో తాతా, పిల్లలు ఎలా నవ్వుతున్నారో చూడు!" అంది గోరింకత్త. ముందు వరసలో నవ్వేవాళ్లు దానికి బాగా కనబడ్డారు.

ఆ మర్నాడు కోతి పిల్ల, "ఇది మాకు పాతబడిపోయింది. ఇంకా ఇంకా భయంగా కావాలి!" అని పేచీ పెట్టింది. గోరింకత్త కాసేపు ఆలోచించింది. ఎలుగు తాత మాట గుర్తుకొచ్చింది. పిల్లల కేకలూ గుర్తుకొచ్చాయి. కేకలే గెలిచాయి.

"అమ్మ గొంతుతో పిలుస్తుంది, అటు పోవద్దు!
బంగారూ అని పిలుస్తుంది, పలకనేవద్దు!"

అని పాడి, చివర్లో నిజంగానే ఒక అమ్మ గొంతుతో, "బంగారూ... రావే బంగారూ..." అని పిలిచింది. అది ఎవరి గొంతో తెలుసా? బుడంకాయ వాళ్లమ్మది! కాస్త బొంగురుగా, కాస్త గారంగా, అచ్చు అలాగే.

పిల్లలు కెవ్వుమన్నారు. ఈసారి నవ్వు కొంచెం ఆలస్యంగా వచ్చింది. ఆ నవ్వుల్లో బుడంకాయ పరుగెత్తుకుంటూ వెళ్లిపోవడం ఎవరూ చూడలేదు.

ఇంతలో మబ్బులు కమ్మాయి. వాన మొదలైంది. పిల్లలందరినీ ఎవరి అమ్మలు వాళ్లు వచ్చి తీసుకుపోయారు. ముళ్లపందమ్మ కూడా వచ్చింది. బండ మీద తన పిల్ల లేదు.

అడుగుల జాడ పట్టుకుని వెళ్తే, వాగు గట్టు కింద పాత బొరియలో దొరికింది. కుందేళ్లు ఎప్పుడో వదిలేసిన బొరియ అది. దాని కిందే వాగు ఎర్రగా పొంగుతోంది.

"బంగారూ! నేనే తల్లీ, అమ్మని. బయటికి రా!" అని పిలిచింది ముళ్లపందమ్మ.

"నువ్వు అమ్మవి కాదు!" లోపలినుంచి బుడంకాయ ఏడుస్తూ అరిచింది. "దయ్యానివి! అమ్మ గొంతుతో పిలుస్తావని గోరింకత్త చెప్పింది. నేను పలకను!"

ముళ్లపందమ్మ గుండె నీరైపోయింది. తల లోపలికి దూర్చింది. నిక్కబొడుచుకున్న ముళ్లు మూతికి గుచ్చుకున్నాయి. తన బిడ్డే తనని దగ్గరికి రానివ్వలేదు.

కేకలు విని ఎలుగు తాత వచ్చాడు. "ఉండమ్మా, తవ్వి తీస్తాను," అని గోళ్లతో మట్టి లాగాడు. గట్టు నానిపోయి ఉంది. పెద్ద పెళ్ల ఊడి పడింది. బుడంకాయ గట్టిగా ఏడ్చి ఇంకా లోపలికి పోయింది. "తవ్వితే గట్టు కూలి పిల్ల మీద పడుతుంది," అని తాత చేతులు వెనక్కి తీసుకున్నాడు. నీళ్లు బొరియ అంచుని తాకుతున్నాయి.

ఈ మాటలన్నీ, వాళ్ల వెనకే వచ్చి చెట్టు మీద తడుస్తున్న గోరింకత్త విన్నది. 'పలకొద్దని నేర్పింది నేనే కదా!' అనుకుంది. ఇక ఆగలేదు. రివ్వున దిగి బొరియలో దూరింది.

చీకట్లో ఒక ముల్లు రెక్కకి గుచ్చుకుంది. అయినా వెనక్కి రాలేదు. బుడంకాయ పక్కనే ముడుచుకుని కూర్చుంది.

బుడంకాయ మెల్లగా తల తిప్పి చూసింది. "అత్తా... నువ్వు కూడా దయ్యానికి భయపడి దాక్కున్నావా?" అంది గుసగుసగా.

గోరింకత్తకి కళ్లనిండా నీళ్లు వచ్చాయి.

"లేదు తల్లీ. ఆ దయ్యాన్ని నేనే కల్పించాను. ఆ పిలుపు కూడా నాదే. మీ అమ్మ గొంతు నేను తీసుకుని వాడుకున్నాను. అలా చేయకూడదు. బయట పిలుస్తున్నది నిజంగా మీ అమ్మే."

"మరి దయ్యం?"

"అది పాటలోనే ఉంటుంది. పాట దాటి రాలేదు."

బుడంకాయ కాసేపు ముక్కు ఎగబీల్చింది. తర్వాత, "దానికి అమ్మ లేదా అత్తా?" అని అడిగింది.

"నేను ఆలోచించలేదే!"

"లేదేమో. అందుకే వేరేవాళ్ల అమ్మ గొంతు చేసుకుంటోంది. పాపం కదా?"

"పాపమే. ఏం చేద్దాం మరి?"

"దానికి ఒక అమ్మని పెట్టు."

నీళ్లు కాళ్లని తాకుతున్నాయి. గోరింకత్త అక్కడికక్కడే పాట కట్టింది.

"దయ్యం పిల్లా, దయ్యం పిల్లా, ఎక్కడ దాగావే?
అమ్మ పిలిస్తే పలకకుండా ఎట్లా ఉన్నావే?"

"భయమేసింది, బొరియలోన ముడుచుకున్నానే!" అని బుడంకాయ అందుకుంది.

సరిగ్గా అప్పుడే బయటినుంచి ముళ్లపందమ్మ మళ్లీ పిలిచింది. "బంగారూ!"

బుడంకాయ చెవులు రిక్కించి విన్నది. దాని ముళ్లు ఒక్కొక్కటిగా వాలాయి. "ఆఁ... అమ్మా! వస్తున్నా!" అంటూ నీళ్లలో తపతపా నడిచి బయటికి వచ్చింది. ఎలుగు తాత చటుక్కున ఎత్తుకుని గట్టు మీద దించాడు. వెనకే గోరింకత్త తడి రెక్కలతో ఎగిరి వచ్చింది. చూస్తుండగానే బొరియ నీళ్లలో మునిగిపోయింది.

ముళ్లపందమ్మ బిడ్డని కడుపులోకి లాక్కుని తల నాకింది. గోరింకత్త తల వంచుకుని, "వదినా, తప్పైపోయింది," అంది.

"పాటలు మానకు గోరింకా," అంది ముళ్లపందమ్మ. "వాటి కోసమే ఇది పొద్దుటినుంచీ ఎదురు చూస్తుంది. కట్టేముందు వెనక వరస కూడా చూసుకో, చాలు."

వాన వెలిశాక పిల్లలు అమ్మలతో కలిసి మళ్లీ బండ మీద చేరారు. గోరింకత్త ఈసారి బుడంకాయని ముందు నిలబెట్టింది.

"దయ్యం పిల్ల జుట్టు విరబోసె, ఊ ఊ ఊ!
దయ్యం అమ్మ జడలు వేసె, ఓహో ఓహో!
దయ్యం పిల్ల బువ్వొద్దనె, ఊ ఊ ఊ!
దయ్యం అమ్మ బుజ్జగించె, ఓహో ఓహో!"

ఊ ఊ అన్నప్పుడు అందరూ చేతులెత్తి ఊగారు. ఓహో అన్నప్పుడు గిర్రున తిరిగి చప్పట్లు కొట్టారు. బుడంకాయ ముళ్లు గజ్జెల్లా గలగలలాడాయి.

"ఇందులో భయం ఏదీ?" అని మూతి ముడిచింది కోతి పిల్ల.

"భయం ఉంది. దాని వెనకే అమ్మ కూడా ఉంది," అంది గోరింకత్త.

కోతి పిల్ల ఊ ఊ ఊ అని పాడుతూనే, ఎవరూ చూడకుండా జరిగి జరిగి వాళ్లమ్మ తోక పట్టుకుంది.

నీతి: సరదాకి భయపెట్టినా సరే, చిన్నవాళ్లు నమ్ముకున్న పిలుపుని మాత్రం వాళ్లకి దూరం చేయకూడదు.